చిన్న జనరేటర్ ఎంపిక, వాడకం, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చేత్తో మోసుకెళ్ళే చిన్న పెట్రోల్ జనరేటర్ కొందామనుకునేవాళ్ళు రెండు రకాలుగా కనిపిస్తారు. తుఫాను వస్తే కరెంటు ఎన్నాళ్ళకు వస్తుందో తెలియని తీరప్రాంతం వాళ్ళు ఒకరు. వ్యాన్‌లోనో కారులోనో సామాను సర్దుకుని కళింగపట్నం, బారువ, తాటిపూడి, అరకు వైపు వెళ్ళి, టెంట్ వేసుకుని రాత్రి ఉండాలనుకునే కుర్రాళ్ళు, కుటుంబాలు ఇంకొకరు. ఇద్దరికీ కావలసిన మెషీన్ ఒకటే, జాగ్రత్తలూ దాదాపు ఒకటే. అందుకే అందరి ప్రశ్నలకూ ఇక్కడే సమాధానాలు రాశాను. తొందరలో ఉంటే జనరేటర్ ఎక్కడ పెట్టాలి, ఇంటి వైరింగుకు ఎలా కలపాలి అన్న రెండు ప్రశ్నలైనా తప్పకుండా చదవండి. అవి ప్రాణాలకు సంబంధించినవి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ఇంకా జనరేటర్ ఎందుకు?

రెండు మూడు గంటల కోతకైతే అక్కర్లేదు. ఇన్వర్టర్ చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్-అవర్లు ఉంటాయి. కానీ సగానికి మించి వాడేస్తూ ఉంటే బ్యాటరీ తొందరగా చెడిపోతుంది. ఆ సగంతో రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు నాలుగైదు గంటలు నడుస్తాయి. ఆ తర్వాత చార్జింగుకు కరెంటు కావాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూడా వేలల్లో పడిపోయాయి. చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం వైపు కూడా అదే పరిస్థితి. అలాంటప్పుడు ఇన్వర్టర్ మొదటి రాత్రికే ఖాళీ అవుతుంది.

ఈ రెండింటినీ కలిపి వాడుకోవడం మంచి పద్ధతి. పగటిపూట నాలుగైదు గంటలు జనరేటర్ వేసి ఫ్రిజ్ చల్లబరచుకోండి, ట్యాంకు నింపుకోండి, ఫోన్లు, ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ చేసుకోండి. రాత్రి జనరేటర్ ఆపేసి ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు వేసుకుని పడుకోండి. పెట్రోలు సగానికి సగం మిగులుతుంది, పక్కింటివాళ్ళకూ నిద్ర ఉంటుంది. ఒక్క మాట: కొన్ని ఇన్వర్టర్లు జనరేటర్ కరెంటును తీసుకోవు, లోపలి రిలే (దానంతట అదే మారే స్విచ్) టకటకమంటూ ఉంటుంది. వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటే నార్మల్‌లో పెట్టి చూడండి. ఎక్కువసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

ఎంత కెపాసిటీ తీసుకోవాలి?

దుకాణానికి వెళ్ళేముందే ఇంట్లో కాగితం మీద లెక్క వేసుకోండి. మామూలు ఇంటి లెక్క ఇలా ఉంటుంది. ఒక తలుపు ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లు, రెండు పాతకాలపు సీలింగ్ ఫ్యాన్లు 150, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు ఐదు కలిపి 45, టీవీ 80, మూడు ఫోన్ చార్జర్లు 45. మొత్తం 470 వాట్లు. ఇది చూసి 1 కేవీఏ (జనరేటర్ కెపాసిటీని చెప్పే కొలత) చాలనుకుంటారు. చాలదు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ క్షణం కోసం ఇంకో 600 వాట్లు చేతిలో ఉండాలి. అప్పుడు లెక్క 1000 వాట్లు దాటుతుంది.

చాలా చిన్న జనరేటర్ల మీద రాసే కేవీఏను 0.8తో గుణిస్తే నిజంగా దొరికే కిలోవాట్లు వస్తాయి. 1 కేవీఏ అంటే 0.8 కిలోవాట్లు, 2 కేవీఏ అంటే 1.6. కాబట్టి పై ఇంటికి 2 కేవీఏ సరిపోతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది గరిష్ఠ కెపాసిటీ. అది కొద్ది నిమిషాలకే. పక్కన చిన్న అక్షరాలతో 'రేటెడ్' అని ఉన్న అంకె చూసి కొనండి. అందులో కూడా ముప్పావు వంతు మించి లోడు పెట్టకపోతే మెషీన్ ఎక్కువ కాలం మన్నుతుంది.

అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది నీళ్ళ మోటారు. 1 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడే 1 కిలోవాట్ దాటి తీసుకుంటుంది, స్టార్టింగులో దానికి మూడు రెట్లకు తగ్గదు. 2 కేవీఏ మీద అది ముక్కుతూ ఆగిపోతుంది, పదే పదే ప్రయత్నిస్తే మోటారు వైండింగే కాలిపోవచ్చు. బోరు మోటారు నడవాలంటే 4, 5 కేవీఏ మెషీన్ చూడాలి, అది మోసుకెళ్ళే రకం కాదు. తుఫాను రోజుల కోసమైతే నా సలహా వేరు: హెచ్చరిక రాగానే ట్యాంకు, బిందెలు, డ్రమ్ములు నింపుకోండి, చిన్న జనరేటరే కొనుక్కోండి. మోటారు కోసం పెద్దది కొంటే రోజంతా ఫ్యాను కోసం కూడా ఆ పెద్ద ఇంజినే తిరగాలి.

ఇండక్షన్ స్టవ్, గీజర్, ఇస్త్రీ పెట్టె సంగతి మరిచిపోండి. వంటకు గ్యాస్ ఉంది కదా.

ఇన్వర్టర్ జనరేటర్ అంటే ఏమిటి? మామూలుదానికీ దానికీ తేడా ఏమిటి?

మామూలు చిన్న జనరేటర్ ఇంజిన్ ఒక్క బల్బు వేసినా, పది వేసినా నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే. అప్పుడే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. లోడు మారినప్పుడల్లా ఆ వేగం కొంచెం అటూ ఇటూ అవుతుంది, వోల్టేజీ కూడా ఊగుతుంది. ఇన్వర్టర్ రకంలో ముందు తయారైన కరెంటును డీసీగా మార్చి, మళ్ళీ ఎలక్ట్రానిక్ బోర్డు ద్వారా శుభ్రమైన ఏసీగా ఇస్తారు. అందువల్ల లోడు తక్కువైతే ఇంజిన్ వేగం తగ్గించుకోవచ్చు. చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది, లాప్‌టాప్‌కూ ఇన్వర్టర్ ఫ్రిజ్ బోర్డుకూ భయం ఉండదు.

ధర మాత్రం బాగా ఎక్కువ. బోర్డు పోతే బాగుచేయడం మన వీధి మెకానిక్ వల్ల కాదు, మార్చడమే. టూర్లకు, లాప్‌టాప్ పనికి, ఆక్సిజన్ మెషీన్‌కు ఇన్వర్టర్ రకమే తీసుకోండి. బల్బులు, ఫ్యాన్లు, పాత ఫ్రిజ్‌కైతే మామూలుది చాలు. ఏది కొన్నా ముందు ఒక విషయం ఆరా తీయండి: దాని కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగం), ఫిల్టరు, స్టార్టింగు తాడు స్ప్రింగు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో, కనీసం విశాఖలోనో దొరుకుతాయా? దొరకని మెషీన్ ఎంత చవకైనా వద్దు.

పెట్రోలా, డీజిలా, కిరోసినా?

మోసుకెళ్ళడానికి పెట్రోలే. డీజిల్‌వి బరువు, చప్పుడు ఎక్కువ, గంటల తరబడి పెద్ద లోడు నడిపే కల్యాణమండపాలకూ దుకాణాలకూ బాగుంటాయి. కిరోసిన్ మీద నడిచే పాత మోడళ్ళు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుంటాయి, కానీ ఇప్పుడు కిరోసిన్ ఎక్కడ తెస్తారు?

జనరేటర్ ఎక్కడ పెట్టాలి? వరండాలో పెట్టొచ్చా?

వద్దు. వరండాలో వద్దు, కారు షెడ్డులో వద్దు, మేడ మెట్ల కింద వద్దు, తలుపులు బార్లా తెరిచిన గదిలో కూడా వద్దు.

ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒంట్లోకి వెళ్ళి రక్తంలో ఆక్సిజన్ చేరాల్సిన చోట అది చేరిపోతుంది. ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం. నిద్రలో ఉన్నవాళ్ళకు అదీ తెలియదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలివానలో మెషీన్ తడుస్తుందనీ, ఎవరైనా ఎత్తుకుపోతారనీ లోపల పెట్టడం వల్లే ఈ ప్రమాదాలు జరుగుతాయి. ఆ రెండు భయాలూ నిజమైనవే, కానీ వాటికి వేరే మార్గాలున్నాయి. దొంగల భయానికి లావుపాటి గొలుసుతో చెట్టుకో స్తంభానికో తాళం వేయండి. వానకు ఏం చేయాలో కింద రాశాను.

ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టండి. పొగ గొట్టం ఇంటి వైపు కాకుండా బయటి వైపు తిరిగి ఉండాలి. మన ఊళ్ళలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి మీ ఇల్లే కాదు, పక్కింటి కిటికీ ఎక్కడుందో కూడా చూడండి. టెంట్ వేసుకున్నా ఇదే దూరం. వ్యాన్‌లో పడుకుంటే బండి పక్కన గాని, కింద గాని జనరేటర్ నడపొద్దు. పొగ కింద నుంచి లోపలికి చేరుతుంది. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి కొని పడుకునే చోట పెట్టుకోండి. ఎవరికైనా తల బరువుగా ఉందంటే మాత్ర వేసి పడుకోబెట్టకండి. ముందు అందరూ బయట గాలిలోకి రండి, మెషీన్ ఆపండి, 108కి ఫోన్ చేయండి.

జనరేటర్ వైరును ఇంట్లో ప్లగ్గు సాకెట్‌లో పెడితే ఇల్లంతా కరెంటు వస్తుందట, నిజమేనా?

వస్తుంది. అందుకే చాలామంది రెండు వైపులా మగ ప్లగ్గు ఉన్న వైరు చేయించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

మెయిన్ ఆపడం మరిచిపోయారనుకోండి. మీ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా 11 వేల వోల్టులను తగ్గించి మనకిస్తుంది. వెనక నుంచి 230 వోల్టులు ఇస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ వాటిని మళ్ళీ వేల వోల్టులకు పెంచుతుంది. తుఫాను తర్వాత ఏ లైన్‌మ్యానో, మన కోసమే ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టు కూలీయో, లైను ఆఫ్‌లో ఉందన్న నమ్మకంతో స్తంభం ఎక్కి ఉంటాడు. తెగి చెరువు గట్టు మీద పడిన తీగను ఏ పశువో తొక్కవచ్చు. ఇక ఇంట్లో సంగతి చూస్తే, ఆ వైరు ఒక కొస ఊడితే బయటికి తేలిన పిన్నుల్లో నేరుగా కరెంటు ఉంటుంది.

సరైన పద్ధతి చేంజోవర్ స్విచ్. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు తర్వాత పెట్టించుకోండి. దాని పిడి ఒక వైపుంటే వీధి కరెంటు, ఇంకో వైపుంటే జనరేటర్. రెండూ కలిసే అవకాశమే ఉండదు. న్యూట్రల్ కూడా మారే డబుల్ పోల్ రకం పెట్టమని చెప్పండి. అది పెట్టించే వీలు లేకపోతే జనరేటర్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఫ్రిజ్‌కూ టేబుల్ ఫ్యానుకూ నేరుగా ఇవ్వండి. రాగి తీగ కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లు, లోడు ఎక్కువైతే 2.5 ఉండాలి. చుట్టగా ఉన్న వైరును మొత్తం విప్పి పరచండి, చుట్టగానే ఉంచి వాడితే వేడెక్కి కరిగిపోతుంది. తెగిన తీగ ఎక్కడ కనిపించినా దగ్గరికి వెళ్ళకుండా 1912కి ఫోన్ చేయండి.

లీటరు పెట్రోలుకు ఎంతసేపు నడుస్తుంది?

2 కేవీఏ మెషీన్ సగం లోడు మీద గంటకు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతుంది. నిండు లోడు మీద లీటరు దాకా వెళుతుంది.

ఇంట్లో ఎంత పెట్రోలు నిల్వ ఉంచుకోవచ్చు?

అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించకూడదు. అంత కూడా ఇంట్లో ఉంచకండి. పది లీటర్లు చాలు, అదీ మూత బిగుతుగా ఉన్న ఇనుప క్యాన్‌లో, వంటింటికీ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకు అందని చోట. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం చాలా ప్రమాదం, పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు.

నడుస్తున్న మెషీన్‌లో పెట్రోలు పోయొద్దు. ఆపి, పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి పోయండి. చీకట్లో పోయాల్సివస్తే టార్చి పట్టుకోండి, కొవ్వొత్తి కాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున బంకుల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో తెలుసు కదా, రెండు రోజులు ముందే తెచ్చుకోండి. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా నడవకపోవచ్చు.

పోయినసారి బాగానే నడిచింది, ఇప్పుడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఎక్కువసార్లు కారణం కూడా ఒకటే: పాత పెట్రోలు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో తేమకు కొదవ లేదు. నెలలు గడిచేకొద్దీ పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోతుంది, తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. కార్బురేటర్ కింద ఉండే చిన్న గిన్నె విప్పి చూడండి. అడుగున పసుపు రంగు జిగురు, కొన్నిసార్లు తెల్లటి పొడి కనబడుతుంది. ఆ గిన్నె మధ్యలో నిలబడి ఉండే ఇత్తడి జెట్‌ను తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. సూది మొనంత రంధ్రం. అందులోంచి వెలుతురు రాకపోతే జబ్బు అక్కడే ఉంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, ఒకే పోగు రాగి తీగతో సున్నితంగా తీయాలి. ఇనుప సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై ఆ తర్వాత మెషీన్ నల్లపొగ కక్కుతూనే ఉంటుంది.

విప్పేముందు మాత్రం ఈ వరసలో చూడండి. పెట్రోలు కాక్ (ట్యాంకు కింద ఉండే చిన్న కుళాయి) తెరిచారా? స్విచ్ ఆన్‌లో ఉందా? చల్లగా ఉన్నప్పుడు చోక్ వేశారా? ఆయిల్ ఎంత ఉంది? ఆయిల్ తగ్గితే ఇంజిన్ ఆగిపోయే సెన్సర్ చాలా మెషీన్లలో ఉంటుంది, ఇసుకలో మెషీన్ ఒక పక్కకు ఒరిగినా అది ఆయిల్ లేదనుకుని స్టార్ట్ కానివ్వదు. చాలామంది దీనికే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు. తర్వాత ఇంజిన్ స్పార్క్ ప్లగ్గు విప్పండి. పెట్రోలుతో తడిసి ఉంటే తుడిచి, చోక్ తీసేసి, కొంతసేపు ఆగి లాగండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదన్నమాట. నల్లగా మసిపట్టి ఉంటే కొత్తది వేయండి, దాని ఖరీదు తక్కువే. రెండు ప్లగ్గులు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

మరి అలా కాకుండా ఏం చేయాలి?

నెలకోసారి నడపండి. ఊరికే కాదు, ఫ్యానో మిక్సీయో పెట్టి ఇరవై నిమిషాలు లోడు మీద. మూడు నెలలు వాడరని తెలిస్తే ట్యాంకులో పెట్రోలు తీసేసి బండిలో పోసుకోండి. ఆ తర్వాత కాక్ కట్టి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. గిన్నె కింద ఉండే చిన్న స్క్రూ వదులు చేస్తే మిగిలిన చుక్కలు కూడా పోతాయి. మన దగ్గర తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తాయి, మే నెలలో కూడా వస్తుంటాయి. కాబట్టి ఏప్రిల్ చివర ఒకసారి, దసరా ముందు ఒకసారి పూర్తిగా చూసుకోండి. ఇంత చిన్న పని చేయనివాళ్ళ మెషీన్లే సరిగ్గా తుఫాను రోజున మొరాయిస్తాయి.

ఆయిల్, ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి?

కొత్త మెషీన్‌కు మొదటి 20 గంటలకు, లేదా నెలకు ఆయిల్ మార్చాలి. కొత్త ఇంజిన్ లోపల రాపిడికి వచ్చే లోహపు పొడి ఆ ఆయిల్‌లో ఉంటుంది. ఆ తర్వాత 100 గంటలకు, లేదా ఆరు నెలలకు. చిన్న మెషీన్లలో పట్టేది అర లీటరు లోపే ఉంటుంది, ఆయిల్ కొనేముందు మాన్యువల్ చూడండి. ఎక్కువ చోట్ల నాలుగు స్ట్రోకుల 10డబ్ల్యూ-30 సరిపోతుంది. ఇంజిన్ వెచ్చగా ఉండగా తీస్తే పాత ఆయిల్ పూర్తిగా కారుతుంది. తుఫాను రోజుల్లో రోజుకు పది గంటలు నడిపితే పది రోజుల్లోనే ఆ 100 గంటలు అయిపోతాయి. అది లెక్కలో పెట్టుకుని ఒక డబ్బా అదనంగా ఉంచుకోండి.

గాలి ఫిల్టరు స్పాంజి రకమైతే 50 గంటలకోసారి సబ్బు నీళ్ళలో పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి మళ్ళీ పెట్టండి. బీచ్ నుంచి వచ్చాక అయితే గంటలు లెక్కపెట్టకుండా వెంటనే కడగండి.

సముద్రం దగ్గర ఇల్లు. తుప్పు పట్టకుండా ఎలా?

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వైపు ఇళ్ళల్లో ఇది పెద్ద సమస్యే. ఉప్పుగాలికి ముందు బోల్టులు, తర్వాత సైలెన్సర్, ఆ తర్వాత సాకెట్ లోపలి ఇత్తడి పోతాయి. వాడాక చల్లారనిచ్చి మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక బోల్టుల మీద పల్చగా నూనె రాయండి. పైపుతో నీళ్ళు కొట్టొద్దు. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే లోపల చెమ్మ పడుతుంది, గాలి ఆడే గుడ్డ కవరు మేలు. నేల మీద కాకుండా చెక్క పీట మీద పెట్టండి.

వానలో నడపాలంటే?

మెషీన్ మీద నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకు కప్పు కట్టండి, మెషీన్‌కు పైన మూడు నాలుగు అడుగుల ఖాళీ ఉండాలి. కింద ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. ఈదురుగాలి వీస్తుండగా అసలు వేయకండి. గాలి తగ్గేదాకా టార్చిలు, ఇన్వర్టర్‌తో గడపండి. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు. మెషీన్‌కు ఎర్తింగ్ బోల్టు ఉంటుంది, మాన్యువల్‌లో చెప్పినట్టు ఎలక్ట్రీషియన్‌తో కలిపించండి.

ఇంట్లో పేషెంట్ ఉన్నారు. దేన్ని నమ్ముకోవాలి?

నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది, 1 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్ కూడా మోస్తుంది. అయినా ఒక్క మెషీన్ మీదే ప్రాణం పెట్టకూడదు, నిండు సిలిండర్ పక్కన ఉండాలి. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ రోజంతా నడవక్కర్లేదు. తలుపు తీయకుండా ఉంచి పొద్దునా సాయంత్రం రెండేసి గంటలు నడిపితే చల్లదనం నిలుస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న ఇళ్ళు ఎన్నో. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు తుఫాను హెచ్చరిక రాగానే సెంటర్‌కు ఫోన్ చేసి, ముందే చేయించుకునే వీలుందేమో అడగండి. రోడ్డు మీద చెట్లు పడ్డాక ఇంట్లో జనరేటర్ ఉన్నా ఉపయోగం లేదు.

టూర్‌కు తీసుకెళ్ళేటప్పుడు ఏం చూసుకోవాలి?

పెట్రోలు కాక్ కట్టి, ట్యాంకు మూత గాలి రంధ్రం ఉంటే మూసి, నిటారుగా తాళ్ళతో కట్టండి. పడుకోబెడితే ఆయిల్ సిలిండర్‌లోకి వెళుతుంది. వేడిగా ఉండగా బండిలో ఎక్కించవద్దు. పెట్రోలుతో రైల్లో, బస్సులో తీసుకెళ్ళకూడదు.

వ్యాన్‌లో 1 టన్ను ఏసీ కావాలనుకుంటే నడిచేటప్పుడే 1000 నుంచి 1200 వాట్లు కావాలి. ఇన్వర్టర్ ఏసీ అయితే మెల్లగా మొదలవుతుంది కాబట్టి 2 కేవీఏ మీద ఒంటరిగా నడిపించవచ్చు, మామూలు ఏసీకి 3 కేవీఏ చూడండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి ఘాట్ ఎక్కాక గాలి పల్చబడి ఇంజిన్ శక్తి పదో వంతు దాకా తగ్గుతుంది. అక్కడ ఏసీ అవసరం కూడా ఉండదు లెండి.

రాత్రి పది తర్వాత ఆపేయండి. పదికీ ఉదయం ఆరుకూ మధ్య నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబుల్స్ మించకూడదని నిబంధన, ఏ జనరేటరూ దగ్గర్లో అంత నిశ్శబ్దంగా ఉండదు. తేలినీలాపురం దగ్గర పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టే నెలల్లో ఊరి దరిదాపుల్లో జనరేటర్ వేయొద్దు. చలికాలం చివర నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఇసుక మీదికి వస్తాయి. వెలుతురు చూస్తే తల్లి తాబేలు వెనక్కి తిరుగుతుంది, పిల్లలు సముద్రం వైపు కాకుండా లైట్ల వైపు పాకుతాయి. ఆ నెలల్లో బీచ్‌లో ఫ్లడ్‌లైట్లు పెట్టకండి. టెంట్ లోపల చిన్న దీపం చాలు, దానికి పవర్ బ్యాంక్ సరిపోతుంది.

కొనకుండా అద్దెకు తీసుకుంటే పోదా?

పెళ్ళికీ, టూర్‌కీ అద్దె మేలు. టెంట్ హౌస్‌ల దగ్గర దొరుకుతాయి. తుఫాను రోజున మాత్రం ఊరంతా అదే టెంట్ హౌస్‌కు వెళుతుంది. ఇరుగుపొరుగు నాలుగిళ్ళు కలిసి ఒకటి కొనుక్కుని, రోజుకో ఇంటివాళ్ళు పెట్రోలు పోసేలా మాట్లాడుకుంటే మంచిది. నెలనెలా నడిపే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

కాలువలో, పొలంలో, ఇంటి వెనక మట్టిలో పోయకండి, బావి నీళ్ళలోకి దిగుతుంది. పాత డబ్బాలో పోసి మూత పెట్టి మోటార్ మెకానిక్ షాపులో ఇవ్వండి. వాళ్ళ దగ్గర పాత ఆయిల్ కొనుక్కుపోయేవాళ్ళు వస్తుంటారు.